ఆపరేషన్ జరుగుతున్నప్పుడు, అయ్యాక హెచ్‌ఆర్‌వీ చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఆస్పత్రుల్లో పనిచేసే మత్తు విభాగం పీజీలు, ఓటీ టెక్నీషియన్లు, ఐసీయూ సిస్టర్లు, పేషెంటు వెంట వచ్చే అటెండెంట్లు అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి లెక్కలు వేసి చూపాల్సి వచ్చింది.

హెచ్‌ఆర్‌వీ అంటే ఏమిటి?

గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే ప్రతి దెబ్బకూ మధ్య కచ్చితంగా ఒక సెకను ఉంటుందని కాదు. ఒకసారి 960 మిల్లీసెకన్లు, తర్వాత 1030, ఆ తర్వాత 990. ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటాం. ఈసీజీలో ఒక ఆర్ శిఖరం నుంచి తర్వాతి ఆర్ శిఖరం దాకా ఉన్న దూరం, అంటే ఆర్‌ఆర్ ఇంటర్వెల్, దీనికి ముడిసరుకు. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలినప్పుడు తగ్గిస్తుంది. ఆ పని ఎక్కువగా గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడిది. కాబట్టి హెచ్చుతగ్గులు ఉండటం మంచి లక్షణం. గడియారంలా ఒకే తీరుగా కొట్టుకునే గుండెను చూస్తేనే అనుమానించాలి.

మానిటర్ మీద హార్ట్ రేట్ కనిపిస్తూనే ఉంది కదా, ఇది ఎందుకు?

రేటు 78 ఉన్న ఇద్దరిలో ఒకరి గుండెను నాడీవ్యవస్థ చక్కగా అదుపు చేస్తుండవచ్చు, ఇంకొకరిలో ఆ అదుపే పోయి ఉండవచ్చు. రేటు చూస్తే ఇద్దరూ ఒకటే. తేడా హెచ్‌ఆర్‌వీలో బయటపడుతుంది. అయితే ఇది బీపీకి, ఆక్సిజన్ శాతానికి, ఎండ్ టైడల్ (వదిలే గాలి చివర్లో ఉండే) కార్బన్ డయాక్సైడ్‌కు బదులు కాదు. ఆ మూడూ సరిగా లేని చోట నాలుగో అంకె కోసం తంటాలు పడొద్దు.

ఏయే అంకెలు చూడాలి?

మొదలుపెట్టేవాళ్లకు రెండు చాలు. ఒకటి ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ: పక్కపక్క ఆర్‌ఆర్‌ల తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టినది. ఇది వేగస్ పనిని బాగా చూపుతుంది, అయిదు నిమిషాల రికార్డు సరిపోతుంది. రెండోది ఎస్‌డీఎన్‌ఎన్: మొత్తం ఆర్‌ఆర్‌ల స్టాండర్డ్ డీవియేషన్. ఇది రికార్డు పొడవును బట్టి మారిపోతుంది. 24 గంటల హోల్టర్‌లో (ఒంటికి కట్టి ఉంచే ఈసీజీ రికార్డర్) వచ్చిన ఎస్‌డీఎన్‌ఎన్‌ను అయిదు నిమిషాల ఎస్‌డీఎన్‌ఎన్ పక్కన పెట్టి పోల్చడం పీజీ థీసిస్‌లలో తరచూ కనబడే తప్పు.

ఫ్రీక్వెన్సీ లెక్కలూ ఉన్నాయి, అంటే ఆర్‌ఆర్ ఎంత వేగంగా ఊగుతోందో విడదీసి చూడటం. 1996లో యూరప్, ఉత్తర అమెరికా గుండె సంఘాల టాస్క్ ఫోర్స్ ఖాయం చేసిన హద్దులే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ దాకా ఎల్‌ఎఫ్ (లో ఫ్రీక్వెన్సీ), 0.15 నుంచి 0.40 దాకా హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ). హెచ్‌ఎఫ్ శ్వాసతో నడిచే భాగం. ఎల్‌ఎఫ్‌ను సింపథెటిక్ (గుండె వేగం పెంచే నాడీవ్యవస్థ) కొలతగా, ఎల్‌ఎఫ్–హెచ్‌ఎఫ్ నిష్పత్తిని దానికీ వేగస్‌కూ మధ్య తక్కెడగా చాలామంది రాస్తారు. కానీ ఎల్‌ఎఫ్‌లో వేగస్ వాటా కూడా ఉంది, బీపీని సర్దే బారోరిఫ్లెక్స్ వాటా కూడా ఉంది. తక్కెడ అన్న పోలిక వినడానికి బాగుంటుంది కానీ దాని మీద మందు డోసు నిర్ణయించేంత బలం దానికి లేదు.

ఎంత ఉంటే నార్మల్?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో, పడుకోబెట్టి తీసిన అయిదు నిమిషాల రికార్డులో ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ సుమారు 20 నుంచి 75 మిల్లీసెకన్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇంత వెడల్పు ఉన్నప్పుడు పక్క బెడ్డు మనిషితో పోలిక అర్థం లేనిది. పేషెంటును అతని నిన్నటి అంకెతోనే పోల్చాలి. అందుకే ఆపరేషన్‌కు ముందు తీసిన బేస్‌లైన్ లేకపోతే తర్వాత తీసినవాటికి విలువ సగం పోయినట్టే.

బేస్‌లైన్ ఎప్పుడు, ఎలా తీయాలి?

ముందురోజు పీఏసీ (మత్తుకు ముందు చేసే చెకప్) గదిలోనో, ఆ రోజు ప్రీఆప్ వార్డులోనో తీయాలి. పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టాలి, తర్వాత అయిదు నిమిషాలు రికార్డు చేయాలి. మాట్లాడించొద్దు, ఫోన్ చూడనివ్వొద్దు. టీ, బీడీ, గుట్కా మానిపించి కనీసం రెండు గంటలన్నా అయి ఉండాలి. వేగస్‌ను అణిచే గ్లైకోపైరోలేట్ మందు ఇవ్వకముందే తీయాలి. అది ఒక్కసారి వెళ్లిందా, వేగస్ మీద దాని పట్టు రెండు మూడు గంటలు ఉంటుంది, బేస్‌లైన్ చేతికి రాదు.

ఇంకొక సంగతి. ఏటూరునాగారం నుంచో, మహదేవపూర్ నుంచో తెల్లవారకముందే బస్సెక్కి, రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకుండా వచ్చిన మనిషికి మే నెలలో తీసిన బేస్‌లైన్‌లో కనిపించేది నాడీవ్యవస్థ కాదు, ఒంట్లో నీళ్లు లేకపోవడం. రేటు పెరిగి, ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ పడిపోతుంది. మత్తుకు రెండు గంటల ముందు వరకు మామూలు నీళ్లు తాగవచ్చని పీఏసీ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. కడుపు ఆలస్యంగా ఖాళీ అయ్యేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మత్తు డాక్టర్ చెప్పినట్టే.

ఎవరికి తప్పకుండా చూడాలి?

పదేళ్లకు పైగా షుగర్ ఉన్నవాళ్లకు. మిషన్ లేకున్నా వాళ్ల విషయంలో సగం పని అయిపోతుంది, మామూలు ఈసీజీ ఉంటే చాలు. గుండెను అదుపు చేసే నాడులు దెబ్బతిన్నాయేమో చూసే వీటిని ఈవింగ్ పరీక్షలంటారు.

మొదటిది గాఢ శ్వాస. పేషెంటును కూర్చోబెట్టి, అయిదు సెకన్లు పీల్చడం, అయిదు సెకన్లు వదలడం చొప్పున నిమిషంలో ఆరు శ్వాసలు తీయించాలి. పక్కన చేయి ఎత్తుతూ దించుతూ చూపిస్తే తేలిగ్గా పట్టుకుంటారు. ఈసీజీ కాగితం నడుస్తూనే ఉండాలి. ప్రతి శ్వాసలో అత్యధిక రేటు, అత్యల్ప రేటు తేడా తీసి, ఆరింటి సగటు కట్టాలి. 15 లేదా అంతకన్నా ఎక్కువైతే బాగున్నట్టు, 11 నుంచి 14 మధ్య అంచు మీద ఉన్నట్టు, 10 లేదా తక్కువైతే దెబ్బతిన్నట్టు. 60 దాటినవాళ్లలో వయసు వల్లనే కొంత తగ్గుతుంది, అది మనసులో పెట్టుకోవాలి.

రెండోది లేచి నిలబడటం. నిలబడిన దగ్గర నుంచి 15వ దెబ్బ దగ్గర ఆర్‌ఆర్ చిన్నగా, 30వ దెబ్బ దగ్గర పెద్దగా ఉండాలి. 30వదాన్ని 15వదానితో భాగిస్తే 1.04 లేదా పైన రావాలి. 1.00 లేదా కింద వస్తే మంచిది కాదు. అదే ఊపులో బీపీ చూడండి: పడుకున్నప్పటికీ నిలబడ్డాక ఉన్నదానికీ పై అంకెలో 30 పడితే ఆ పరీక్ష కూడా పోయినట్టే.

రెండు పరీక్షలు చెడిన మనిషికి మత్తు ఇవ్వగానే బీపీ జారిపోవచ్చు, గుండెకు రక్తం తగ్గినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు, కడుపులో అన్నం గంటల తరబడి నిలిచి ఉండవచ్చు. అప్పుడు ఇండక్షన్ (మత్తులోకి తీసుకెళ్లడం) మెల్లగా చేయడం, బీపీ పెంచే ఫినైల్ఎఫ్రిన్ ముందే సిరంజిలో లోడ్ చేసి పెట్టుకోవడం, అవసరమైతే ఆర్టీరియల్ లైన్ (దెబ్బ దెబ్బకూ బీపీ చూపే ధమని గొట్టం) వేయడం లాంటివి ముందే అనుకోవచ్చు. మెఫెంటర్‌మిన్ మన దగ్గర చేతికి అలవాటైన మందే కానీ అది నాడి చివర్ల నుంచి నార్ఎడ్రినలిన్‌ను విడిపించి పనిచేస్తుంది. నాడులే దెబ్బతిన్న చోట దాని ఫలితం ఊహించలేం.

ఎలక్ట్రోడ్ల విషయంలో ఏం తప్పులు జరుగుతాయి?

నూటికి తొంభై తలనొప్పులు ఇక్కడివే. కొబ్బరినూనె రాసుకున్న చర్మం మీద స్టిక్కర్ నిలవదు. ముందు సబ్బునీళ్ల గుడ్డతో, తర్వాత స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. జుట్టు ఉంటే క్లిప్పర్‌తో తీయాలి. గాజ్ ముక్కతో చర్మాన్ని రెండుసార్లు మెల్లగా రుద్దితే సిగ్నల్ ఇంకా శుభ్రంగా వస్తుంది. ఎండాకాలంలో తెరిచి ఉంచిన ప్యాకెట్‌లో జెల్ రెండు రోజుల్లో ఎండిపోతుంది. ప్యాకెట్ మూతి మడిచి ప్లాస్టర్ వేసి పెట్టండి. బీటాడిన్ జారి స్టిక్కర్ కిందికి పోయే చోట అసలు పెట్టొద్దు, భుజాల వెనుక వైపు జరపండి.

ఏ లీడ్‌లో ఆర్ శిఖరం నిటారుగా, దాని వెనుక వచ్చే టీ తరంగం కన్నా చాలా ఎత్తుగా ఉందో ఆ లీడ్ ఎంచుకోవాలి. సాధారణంగా రెండో లీడ్. టీ పొడుగ్గా ఉంటే మిషన్ దాన్ని కూడా ఆర్‌గా లెక్కపెట్టి రేటును రెట్టింపు చూపిస్తుంది.

మా మానిటర్‌లో ట్రెండ్ ఉంది. దాని నుంచి హెచ్‌ఆర్‌వీ లెక్కకట్టవచ్చా?

కుదరదు. ట్రెండ్‌లో ఉండేది కొన్ని సెకన్ల సగటు రేటు. మనకు కావలసిన హెచ్చుతగ్గులను ఆ సగటే మింగేస్తుంది. ఈసీజీ తరంగం మొత్తం గానీ, దెబ్బ దెబ్బకూ ఆర్‌ఆర్ గానీ కావాలి. మానిటర్ వెనుక లాన్ లేదా సీరియల్ పోర్టు ఉంటే వైటల్ రికార్డర్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో విండోస్ ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చు. మీ మోడల్‌ను అది గుర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే హోల్టర్ కట్టడమే తేలిక.

శాంప్లింగ్ రేటు అడిగి తెలుసుకోండి. 250 హెర్ట్జ్ అంటే ప్రతి 4 మిల్లీసెకన్లకు ఒక చుక్క. వార్డులో ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ 40 ఉన్నవాడికి అది చాలు. మత్తులో ఆ అంకె 5కు పడినప్పుడు 4 మిల్లీసెకన్ల కొలబద్దతో కొలవడం గోనెసంచుల కాటా మీద బంగారం తూచినట్టే. ఓటీ రికార్డుకు 500 హెర్ట్జ్ లేదా పైన పెట్టుకోవాలి.

లెక్కలు, కోడింగ్ కొరుకుడు పడని పీజీలకు ఒక మాట: కాకతీయ మెడికల్ కాలేజీ, ఎన్‌ఐటీ రెండూ ఒక ఊళ్లోనే ఉన్నాయి. సిగ్నల్ ప్రాసెసింగ్ చదివేవాళ్లతో కలిసి చేస్తే రెండు వైపులా లాభమే. పేషెంటు పేరు, ఐపీ నంబరు తీసేసిన ఫైలు మాత్రమే ఇవ్వండి, అది కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే.

కాటరీ (కరెంటుతో కోసి, రక్తం ఆపే పరికరం) వాడుతున్నప్పుడు ఏం చేయాలి?

ఆ భాగం పారేయాలి. ఫిల్టర్ పెట్టి తరంగాన్ని అందంగా కనబడేట్టు చేయవచ్చు, కానీ ఆర్ శిఖరం ఉన్న చోటు కొన్ని మిల్లీసెకన్లు జరుగుతుంది, ఫిల్టర్ మార్చినప్పుడల్లా ఇంకోలా జరుగుతుంది. కాటరీ మొదలు, ఆఖరు టైములు టెక్నీషియన్ ఒక కాగితం మీద రాస్తూ పోతే చాలు. జనరేటర్ మారినప్పుడు, ఎర్తింగ్ సరిగా లేనప్పుడు వచ్చే 50 హెర్ట్జ్ గీతలకూ ఇదే వైద్యం.

ఒక్క దెబ్బ తప్పుగా లెక్కపడితే అంత తేడా వస్తుందా?

వస్తుంది. లెక్క వేసి చూద్దాం. 300 దెబ్బల రికార్డు, ఆర్‌ఆర్ సుమారు 800, అసలు ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ 20. వర్గాల మొత్తం 300 × 400 = 1,20,000. మధ్యలో మిషన్ ఒక ఆర్‌ను వదిలేసింది, 800 కాస్తా 1600 అయింది. వెళ్లేటప్పుడు 800 తేడా, తిరిగి వచ్చేటప్పుడు 800 తేడా. రెండు వర్గాలు కలిపి 12,80,000 అదనం. మొత్తం 14,00,000ను 300తో భాగించి మూలం తీస్తే 68! ఒక్క తప్పుతో 20 కాస్తా 68 అయింది. పేషెంటు బ్రహ్మాండంగా ఉన్నాడని కాగితం చెబుతుంది.

ఎక్టోపిక్ దెబ్బ, అంటే వేళ కాకముందే పడే దెబ్బ, వచ్చినా ఇంతే. 800 చోట 500, దాని వెనుక 1100 వస్తే అదే రికార్డులో 20 కాస్తా 47 అవుతుంది. కాబట్టి ముందు దెబ్బ కన్నా 20 శాతం మించి తేడా ఉన్న ప్రతి ఆర్‌ఆర్‌ను కంటితో చూడాలి. సవరించాల్సినవి 5 శాతం దాటితే, అంటే 300లో 15 దాటితే, ఆ అయిదు నిమిషాలను పక్కన పెట్టి ఇంకో భాగం తీసుకోండి.

మత్తు ఇవ్వగానే హెచ్‌ఆర్‌వీ పడిపోయింది. ప్రమాదమా?

కాదు, అది మందు పని. ప్రొపొఫాల్, సెవోఫ్లూరేన్ రెండూ తగ్గిస్తాయి. అట్రోపిన్, గ్లైకోపైరోలేట్ దాదాపు చదును చేస్తాయి. ఫెంటనిల్, డెక్స్‌మెడిటోమిడిన్ వేగస్ వైపు మొగ్గిస్తాయి. డెక్స్‌మెడ్ డ్రిప్ నడుస్తుండగా హెచ్‌ఆర్‌వీ బాగుందని పేషెంటు నొప్పి లేకుండా ఉన్నాడనుకుంటే పొరపాటు, రేటు 45కు వచ్చిందేమో కూడా చూడండి. చివర్లో కండరాల పట్టు తిరిగి తెచ్చే నియోస్టిగ్మిన్, గ్లైకో కలిపి ఇచ్చాక రెండు మూడు గంటల వరకు ఏ అంకెనూ నమ్మకుండా ఉండటమే మేలు.

పురుగుల మందు తాగి అట్రోపిన్ డ్రిప్ మీద ఉన్న పేషెంటు ఈ ప్రాంతంలో ఏ ఐసీయూలోనైనా ఒకరుంటారు. వాళ్లకు ఏదైనా ఆపరేషన్ పడితే హెచ్‌ఆర్‌వీ ఊసే ఎత్తొద్దు.

వెంటిలేటర్ సెట్టింగ్ కూడా మారుస్తుందా?

మారుస్తుంది, ఇది చాలామంది గమనించరు. శ్వాస రేటు నిమిషానికి 12 పెడితే అది 0.2 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, హెచ్‌ఎఫ్ హద్దుల లోపల. ల్యాప్రోస్కోపీ అయిపోయాక శ్వాస మళ్లీ మొదలవ్వాలని 8కి తగ్గిస్తే 0.133 అవుతుంది. అది ఎల్‌ఎఫ్‌లోకి జారిపోయింది. పేషెంటులో ఏ మార్పూ లేకుండానే హెచ్‌ఎఫ్ పడి, ఎల్‌ఎఫ్ పెరిగి, నిష్పత్తి ఆకాశానికి పోతుంది. దాన్ని సింపథెటిక్ ఉధృతి అని రాసేస్తారు. రికార్డు చేస్తున్నంతసేపూ రేటు 12 నుంచి 15 మధ్య ఒకేచోట ఉంచండి, టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో పోయే గాలి) కూడా మార్చొద్దు. మార్చక తప్పకపోతే టైముతో సహా రాసి పెట్టండి.

మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలుస్తుందో లేదో దీంతో చెప్పవచ్చా?

స్పృహ లేని మనిషికి నొప్పి అనుభవం ఉండదు, శరీరం స్పందన ఉంటుంది. దాన్ని కొలవడానికే ఫ్రాన్స్‌లో తయారైన ఏఎన్‌ఐ సూచిక ఉంది. శ్వాసతో పాటు ఆర్‌ఆర్ ఎంత ఊగుతోందో చూసి 0 నుంచి 100 మధ్య అంకె ఇస్తుంది. 50 నుంచి 70 మధ్య ఉంచాలని చెబుతారు. 50 కన్నా కిందికి వస్తే కోత స్పందన ఎక్కువగా ఉండవచ్చు, 70 పైన నిలబడితే ఓపియాయిడ్ (ఫెంటనిల్ లాంటి నొప్పి మందు) అవసరానికి మించి పోతోందేమో చూసుకోవాలి. అట్రోపిన్ ఇచ్చినా, శ్వాస నిమిషానికి 9 కన్నా తగ్గినా, దెబ్బలు క్రమం తప్పినా ఈ అంకె చెల్లదు. 64 సెకన్ల కిటికీలోంచి చూస్తుంది కాబట్టి కొంచెం ఆలస్యంగా కదులుతుంది కూడా.

కంటి కండరం లాగినప్పుడో, పొట్టలో గ్యాస్ నింపినప్పుడో గుండె ఒక్కసారిగా 40కి పడితే సూచిక కోసం చూడొద్దు. సర్జన్‌కు చెప్పి చెయ్యి ఆపించడం, గ్యాస్ వదిలించడం, అట్రోపిన్ సిరంజి అందుకోవడం, అంతే.

నడుములో సూది ఇచ్చాక బీపీ పడుతుందో లేదో ముందే తెలుస్తుందా?

సిజేరియన్ల మీద చేసిన కొన్ని అధ్యయనాల్లో ముందే ఎల్‌ఎఫ్–హెచ్‌ఎఫ్ నిష్పత్తి ఎక్కువున్నవాళ్లకు బీపీ ఎక్కువగా పడింది. అన్ని అధ్యయనాల్లోనూ అలా రాలేదు. అంకె ఎలా ఉన్నా సిజేరియన్‌కు చేయాల్సిన పని ఒకటే: ఎడమ వైపు ఒంపు, సూదితో పాటే సెలైన్, ఫినైల్ఎఫ్రిన్ సిద్ధం, నిమిషం నిమిషానికి బీపీ.

ఎవరికి అసలు పనికిరాదు?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం) ఉన్నవాళ్లకు, పేస్‌మేకర్ గుండెను నడిపిస్తున్నవాళ్లకు, గుండె మార్పిడి అయినవాళ్లకు, ఎక్టోపిక్‌లు గుంపులుగా వచ్చేవాళ్లకు. ఫిబ్రిలేషన్‌లో హెచ్‌ఆర్‌వీ చాలా ఎక్కువగా వస్తుంది, అది ఆరోగ్యం కాదు.

ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు తగ్గి ఉంటుంది?

పెద్ద పొట్ట ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు తగ్గి ఉండటం మామూలే. రాత్రి పెరిగి పగలు తగ్గే లయ కూడా చెదిరిపోతుంది, వార్డు లైట్లు, నాలుగు గంటలకోసారి ఇంజెక్షన్లు దానికి తోడవుతాయి. బైపాస్ అయినవాళ్లలో వారాల తరబడి తగ్గే ఉంటుంది. చూడాల్సింది దిశ. మొదటి రోజు పడి, రెండో రోజు నిలబడి, మూడో రోజు పైకి వస్తుంటే బాగు. రెండో రోజు పెరిగి మూడో రోజు మళ్లీ పడితే వెళ్లి మనిషిని చూడాలి. గుండె ఆపరేషన్ తర్వాత ఫిబ్రిలేషన్ ఎక్కువగా మొదలయ్యేది కూడా రెండు మూడు రోజుల దగ్గరే. రోజూ ఒకే టైముకు, తెల్లవారి ఆరింటికి ముందు, ఒకే భంగిమలో తీయండి.

అంకె పడిపోయింది, డ్యూటీ డాక్టర్ వచ్చేలోగా సిస్టర్ ఏం చూడాలి?

మొదట మనిషి. బీపీ, ఆక్సిజన్, శ్వాస రేటు, జ్వరం, షుగర్. కట్టు తడిసిందా, డ్రెయిన్‌లో ఎంత వచ్చింది. మూత్రం కిలోకు గంటకు 0.5 మిల్లీలీటర్ లెక్కన 60 కిలోల మనిషికి గంటకు 30 వస్తోందా. నొప్పి పదికి ఎంత. ఇవన్నీ బాగుంటే అప్పుడు స్టిక్కర్లు ఊడాయేమో చూడండి, చివరి గంటలో ఏ మందు వెళ్లిందో చార్టు తిప్పండి.

రెండో రోజు రేటు 130, వణుకు, హెచ్‌ఆర్‌వీ చదును. రక్తస్రావం లేదు, జ్వరం లేదు. ఇంకేం ఉండవచ్చు?

కల్లు అడగండి. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు రోజూ తాగే అలవాటున్న మనిషి ఆస్పత్రి బెడ్డు మీద రెండు రోజులు అది లేకుండా ఉంటే వణుకు, చెమటలు, పిచ్చి మాటలు, ఫిట్స్ దాకా పోతుంది. పీఏసీలో "మందు తాగుతవా?" అంటే "లేదు" అంటారు, నిజమే చెప్తున్నారు, కల్లును మందుగా లెక్కపెట్టరు. "కల్లు తాగుతవా, దినాం ఎన్ని సీసలు?" అని విడిగా అడగాలి. ఆడవాళ్లను కూడా అడగాలి, ఇంటివాళ్ల ముందు కాకుండా.

"మా నాయినకు మొన్న ఆపరేషన్ అయింది. చేతి వాచీల హెచ్‌ఆర్‌వీ 14 అని వస్తున్నది. భయపడాల్నా?"

ఆ ఒక్క అంకెతో భయపడొద్దు. వాచీ చూసేది గుండె కరెంటును కాదు, మణికట్టు దగ్గర రక్తం కదలికను. చెయ్యి చల్లగా ఉన్నా, కదిపినా, అదే చేతికి బీపీ పట్టీ బిగుసుకున్నా తప్పు చూపిస్తుంది. ఇంకోటి, యాపిల్ వాచీ ఇచ్చేది ఎస్‌డీఎన్‌ఎన్, ఫిట్‌బిట్, గార్మిన్ ఇచ్చేది ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ. బామ్మర్ది వాచీతో మీ వాచీని పోల్చొద్దు. నాయిన ఆయాసపడుతున్నా, మగతగా ఉన్నా, చెమటలు పోస్తున్నా, ఛాతీ బరువుగా ఉందన్నా వాచీ ఎంత చూపించినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. డయాలిసిస్ ఫిస్టులా ఉన్న చేతికి వాచీ కట్టొద్దు. ఓటీలోకి వెళ్లేముందు వాచీ, మొలతాడుకున్న లోహపు బిళ్ల తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి, కాటరీ కరెంటుతో కాలే అవకాశం ఉంటుంది.

థీసిస్‌లో, కేస్ షీట్‌లో ఏమేం రాయాలి?

లీడ్, శాంప్లింగ్ రేటు, రికార్డు ఎన్ని నిమిషాలు, ఎన్ని దెబ్బలు సవరించారు, పేషెంటు భంగిమ, శ్వాస రేటు, సొంత శ్వాసా వెంటిలేటరా, అంతకుముందు మూడు గంటల్లో వెళ్లిన మందులు డోసుతో, టైముతో. మందు మార్చి గానీ పద్ధతి మార్చి గానీ పోల్చే థీసిస్ అయితే మొదటి పేషెంటును చేర్చకముందే సీటీఆర్‌ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి.